రోజంతా గాజుకు ముక్కు ఆనించి ఈదే తాబేలుకు ఏ వ్యాపకం పెట్టాలి?

ప్రశ్న: మా ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఒకటుంది. డిప్ప పొడవు 14 సెం.మీ. ముందు కాళ్ల గోళ్లు పొట్టిగానే ఉంటాయి. ట్యాంకు 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. నీళ్లు 25 సెం.మీ. లోతు వరకు పోస్తాం. ఒక మూల నీటిపై తేలే ప్లాస్టిక్ పలక, దాని మీదికి మామూలు బల్బు ఉన్నాయి. రెండు నెలలుగా పగలంతా ముందరి గాజుకు ముక్కు ఆనించి పైకీ కిందికీ ఈదుతూనే ఉంటోంది. విసుగేమోనని ప్లాస్టిక్ మొక్కలు, చిన్న బంతి, ఒక అద్దం పెట్టాం. బంతిని పట్టించుకోలేదు. అద్దాన్ని కొరికింది. మొక్క ఆకు ఒకటి కొంత తినేసింది. ఇంకేం ఆటవస్తువులు పెట్టాలి? తోడుగా మరో తాబేలును తెస్తే బాగుంటుందా?

జవాబు: ముందు ఆ ప్లాస్టిక్ మొక్కలనూ అద్దాన్నీ ఇవాళే తీసేయండి. పచ్చగా ఊగేది ఏదైనా సరే, కొరికి చూడడం తాబేలు స్వభావం. మింగిన ముక్క చిన్నదైతే చాలాసార్లు మలంతో పాటు బయటికి వచ్చేస్తుంది. అయినా రెండు వారాలు కనిపెట్టి ఉండండి. తిండి మానేసినా, మలం కనిపించకపోయినా, ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడికి వెంటనే చూపించండి. పేగులో అడ్డంపడ్డ ప్లాస్టిక్‌ ఇంటి చిట్కాలతో కదలదు. ఇక అద్దం సంగతి. అందులో దానికి కనబడేది తోడు కాదు, తన చోటులోకి చొరబడిన ఇంకో తాబేలు. అందుకే కొరికింది.

ఆటవస్తువుల కన్నా ముందు ఆ ఈత గురించి ఆలోచించాలి. గాజుకు ఈదడం అంటే విసుగు ఒక్కటే కాదు. నీళ్లు మరీ వేడెక్కినా, ఎండ కాచుకునే చోటు సరిగా లేకపోయినా, చోటు ఇరుకైనా, గాజులో తన ప్రతిబింబమే కనబడుతున్నా, ఆకలి చూపించి అడుక్కుంటున్నా, ఆడదైతే గుడ్లు పెట్టే తావు వెతుక్కుంటున్నా పైకి కనిపించేది ఒకటే ఈత. కారణం వదిలేసి బంతులు మారుస్తూ పోతే అది అలా ఈదుతూనే ఉంటుంది.

మీరు రాసిన కొలతల్లోనే రెండు లోపాలు కనిపిస్తున్నాయి. మొదటిది నీళ్లు. 90 × 45 × 25 అంటే సుమారు 100 లీటర్లు. ఈ జాతికి డిప్ప పొడవు ప్రతి 2.5 సెం.మీ.కు 40 లీటర్లు ఉండాలని పెంపకందారుల లెక్క. ఆ లెక్కన 14 సెం.మీ. తాబేలుకు 220 లీటర్ల పైమాటే. ఆడ స్లైడర్ 25 నుంచి 30 సెం.మీ. వరకు పెరుగుతుంది కాబట్టి పెద్ద ట్యాంకు ఎలాగూ తప్పదు. అది వచ్చేలోపు ఉన్నదాంట్లోనే నీళ్లు 40 సెం.మీ. వరకు నింపండి. 160 లీటర్లవుతుంది. అలా నింపాలంటే ఎండ కాచుకునే అరుగు నీళ్లలోంచి ట్యాంకు పైకి పోవాలి.

రెండో లోపం ఆ తేలే పలకే. ఈ సైజు తాబేలు ఎక్కగానే చాలా పలకలు ఒక పక్కకు కుంగుతాయి. పొట్ట వైపు డిప్ప తడిగానే ఉండిపోతుంది. పూర్తిగా ఆరని డిప్పకు బూజు, పుండ్లు పట్టే అవకాశం ఎక్కువ. ట్యాంకు పైన ఒక చివర 45 × 40 సెం.మీ. పెట్టెలా అరుగు కట్టండి. పీవీసీ పైపుల చట్రం, అడుగున గట్టి ప్లాస్టిక్ జాలీ పలక, చుట్టూ 30 సెం.మీ. గోడలు. స్లైడర్లు ఎక్కడంలో గట్టివి, గోడ పొట్టిదైతే దూకేస్తాయి. పెట్టె బరువు ట్యాంకు చట్రం మీద పడాలి కానీ గాజు అంచు మీద పడకూడదు. చట్రం లేని ట్యాంకైతే పెట్టెకు విడిగా కాళ్లు పెట్టాలి. నీళ్లలోంచి పైకి వెళ్లే ఏటవాలు పలక కనీసం 15 సెం.మీ. వెడల్పుండాలి. కోణం 30 డిగ్రీలు దాటకూడదు. దాని కింది కొస నీటిమట్టానికి 10 సెం.మీ. దిగువన మొదలవ్వాలి, లేకపోతే తాబేలు దాని కిందే తిరుగుతూ పైకెక్కడం ఎలాగో తెలియక వదిలేస్తుంది. జారకుండా నున్నటి రాళ్లను అక్వేరియం సిలికోన్‌తో అతికించి, వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టండి. ప్లాస్టిక్ గడ్డి చాప మాత్రం వేయకండి. గోళ్లకు పోగులు ఊడొస్తాయి, అవీ కడుపులోకే పోతాయి.

అరుగు మీద, తాబేలు డిప్ప పైభాగం ఉండే ఎత్తులో, 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. నీళ్లు 24 నుంచి 26. ఈ తేడాయే ముఖ్యం. రెండు చోట్లా 30 ఉంటే పైకెక్కాల్సిన అవసరం దానికి కనబడదు. ఎప్పుడు వేడెక్కాలో ఎప్పుడు చల్లబడాలో తనే ఎంచుకోగలగడం తాబేలుకు మనం ఇచ్చే మొదటి వ్యాపకం. మీ మామూలు బల్బు వేడిని ఇచ్చినా యూవీబీ కిరణాలను (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ఇవ్వదు. సరీసృపాల కోసం తయారయ్యే యూవీబీ ట్యూబు ఒకటి అరుగుకు సుమారు 30 సెం.మీ. ఎత్తున పెట్టండి. మధ్యలో గాజు గానీ అక్రిలిక్ గానీ అడ్డం ఉండకూడదు, అవి ఆ కిరణాలను ఆపేస్తాయి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతూ వస్తుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. దీపాలు రోజుకు 12 గంటలు. పట్టుకునే క్లిప్పు ఒక్కదాన్నే నమ్మకుండా దీపాన్ని గొలుసుతో కూడా కట్టండి. క్లిప్పు వదులై దీపం నీళ్లలో పడితే తాబేలుకూ మీకూ ప్రాణాపాయం.

ఇప్పుడు మీరు అడిగిన అసలు సంగతికి వద్దాం. తాబేలుకు వ్యాపకం అవసరమా అని అనుమానించేవాళ్లున్నారు. వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో పిగ్‌ఫేస్ అనే నైలు మెత్తడిప్ప తాబేలు ఉండేది. తన కాళ్లనూ మెడనూ తనే గీరుకుని గాయాలు చేసుకునేది. దానికి బంతులు, రింగులు, కర్రలు ఇచ్చాక వాటిని ముక్కుతో తోస్తూ, లాగుతూ గడిపేది. గాయాలు చేసుకోవడం బాగా తగ్గింది. పరిశోధకుడు గోర్డన్ బర్గార్ట్, ఆయన సహచరులు ఆ పరిశీలనను 1996లో ప్రచురించారు. 2005లో వచ్చిన మరో అధ్యయనంలో బాక్స్ తాబేళ్లకు (ఎక్కువగా నేల మీదే తిరిగే ఒక రకం) ఒక పక్క వట్టి కాగితం పరిచిన గూడు, మరో పక్క తవ్వుకోవడానికి మెత్తటి పరుపు, దాక్కోవడానికి చాటు ఉన్న గూడు చూపించారు. అవి రెండోదాన్నే ఎంచుకున్నాయి. అందులో బంతి లేదు, రంగుల బొమ్మ లేదు. తవ్వడం, దూరడం, వెతకడం కుదిరితే చాలు. మీ ట్యాంకులో ఇప్పుడు లేనివి ఇవే.

చాటుతో మొదలుపెట్టండి. వెడల్పాటి మట్టి కుండను నిలువునా సగానికి కోసిన చిప్ప బోర్లించినా, రెండు వైపులా తెరిచి ఉన్న పైపు ముక్క పెట్టినా సరిపోతుంది. పైపైతే లోపలి వ్యాసం కనీసం 16 సెం.మీ. ఉండాలి, పొడవు 30 మించకూడదు. కోసిన అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. నీటి తాబేలు ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే మునిగి చనిపోతుంది. అందుకే ట్యాంకులో ఏ సందును చూసినా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇందులో తల పడుతుందా? పడితే డిప్ప కూడా తిరగడానికి వీలుగా పట్టాలి. తల పట్టి డిప్ప పట్టని సందు అన్నిటికన్నా ప్రమాదం. హీటరుకూ గాజుకూ మధ్య, ఫిల్టరు గొట్టం వెనక, దుంగ కింద ఇలాంటివే ఉంటాయి. మీ తాబేలుకైతే ఆ సందును 18 సెం.మీ.కు పెంచండి, లేదా 1 సెం.మీ.కు తగ్గించి మూసేయండి. డిప్ప పెరిగే కొద్దీ మూడు నెలలకోసారి మళ్లీ కొలవాలి.

నీళ్లలో ఒక దుంగ అడ్డంగా పెడితే ఈదే దారి మలుపు తిరుగుతుంది. తాబేలు దాని మీద కాళ్లు ఆనించి, ముక్కు పైకి పెట్టి గంటల తరబడి కునుకు తీస్తుంది. దుంగను రెండు వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ముల్లులా పొడుచుకొచ్చినవన్నీ విరిచేసి, బరువైన పలకరాయికి బిగించాలి. జిగురు కారే చెట్ల కర్ర పనికిరాదు. రాళ్లు వేస్తే ఒక్కోటీ తాబేలు తలకన్నా బాగా పెద్దది, 7 లేదా 8 సెం.మీ. గుండ్రటిది వేయండి. చిన్న గులకరాళ్లను అవి మింగుతాయి. రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి గాజుకు ఆనించకండి, తాబేలు నెట్టితే గాజు పగులుతుంది. ఫిల్టరు నుంచి వచ్చే నీటిని ఒక పొడవాటి గోడ వెంట పారేలా తిప్పి, ఎదురు మూలను నిశ్చలంగా ఉంచండి. ఎదురీదాలనిపిస్తే ఒక చోటు, సేదతీరాలంటే ఇంకో చోటు. ఫిల్టరు సామర్థ్యం మాత్రం ట్యాంకు నీళ్లకు రెట్టింపుకు తగ్గకూడదు. వ్యాపకం పెంచే కొద్దీ తిండి తునకలు కూడా పెరుగుతాయి.

తిండి దగ్గరే అసలు అవకాశమంతా ఉంది. చెరువులో స్లైడర్ రోజులో చాలా సేపు వెతుకుతూ, చీలుస్తూ, తరుముతూ తింటుంది. ట్యాంకులో అదే తిండి నీటిపై చల్లితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా పగలంతా దానికి పని లేదు. కాబట్టి తిండి పెంచకండి, తినే సమయాన్ని పెంచండి. ఈ వయసుకు గుళికల తిండి రోజు విడిచి రోజు, దాని తల ఎంత ఉందో అంత పరిమాణంలో చాలు. ఆకులు ప్రతి రోజూ. కింద చెప్పేవన్నీ ఆ వాటాలోంచే తీసి పెట్టాలి, అదనంగా కాదు. లేకపోతే కొన్ని నెలల్లో కాళ్ల సందుల్లో కొవ్వు పొంగి తల లోపలికి తీసుకోలేని స్థితి వస్తుంది.

ఆకులను తరగకండి. లెట్యూస్, డాండిలయన్ లాంటి ఆకుల గుత్తిని క్లిప్పుతో వెనకవైపు గాజుకు, నీటిమట్టానికి కాస్త కింద, బిగించండి. కొరికి వెనక్కి లాగి, ముందుకాళ్లతో తోసి చీల్చుకోవాలి. అదే వ్యాయామం. క్లిప్పుకుండే, గాజుకు అతుక్కునే రబ్బరు బుడిపె దాని నోట్లో పట్టనంత పెద్దది కావాలి. సాయంత్రానికి మిగిలిన కాడలు తీసేయండి. హార్న్‌వర్ట్, డక్‌వీడ్ లాంటి నిజమైన నీటి మొక్కలు తేలేస్తే అవి నీడా అవుతాయి, తిండీ అవుతాయి. తినేస్తుంది కదా అని బాధపడకండి, అందుకే వేయడం. కొత్త మొక్కల మీద పురుగుమందు, నత్తగుడ్లు ఉండొచ్చు కాబట్టి రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి, నీళ్లు మార్చి వేయండి.

ఇసుక పళ్లెం ఇంకా మంచిది. 30 × 20 సెం.మీ. బరువైన పళ్లెంలో బాగా కడిగిన సన్నని ఇసుక 5 సెం.మీ. మందాన పోసి, ట్యాంకు అడుగున పెట్టండి. అందులో నీట మునిగే గుళికలు నాలుగు, మందులు చల్లని మట్టిలోంచి తీసిన వానపాము ముక్క ఒకటి పాతిపెట్టండి. మొదటి రోజు సగం పైకి కనబడేలా, వారం తర్వాత పూర్తిగా. తాబేలు మెడ చాచి, ఇసుకకు ముక్కు తగిలేంత దగ్గరగా వాసన పట్టుకుంటూ, ముందుకాలితో ఒక్క గీత గీరి, మళ్లీ ఆగి చూస్తుంది. ఆ ఆగి చూడడమే మనం కోరుకునేది. మాంసాహారం మిగిలితే అరగంటలో తీసేయాలి, నీళ్లు పాడవుతాయి.

ఐస్ గడ్డల్లో ఆకు తునకలు, గుళికలు గడ్డకట్టించి వేయవచ్చు. గడ్డ తేలుతూ తిరుగుతుంటే తాబేలు వెంటపడుతుంది, కరిగే కొద్దీ ఒక్కోటీ దొరుకుతుంది. 30 మి.లీ. గడ్డ ఒకటి 160 లీటర్ల నీళ్లను చల్లబరుస్తుందన్న భయం అక్కర్లేదు. ఆ మార్పు థర్మామీటరుకు కూడా అందదు.

బంతి విషయానికొస్తే, మీరు వేసింది వట్టి బంతి. దాన్ని తోస్తే ఏమీ రాలేదు, కాబట్టి వదిలేసింది. 7 లేదా 8 సెం.మీ. వ్యాసమున్న గట్టి ప్లాస్టిక్ బోలు బంతికి 8 నుంచి 10 మి.మీ. కన్నాలు వేసి, అంచులు నున్నగా చేసి, లోపల నీటిపై తేలే గుళికలు వేయండి. మునిగేవి వేస్తే కింది కన్నాల్లోంచి ఒక్కసారే రాలిపోతాయి, తోయాల్సిన పనే ఉండదు. తేలేవైతే బంతి దొర్లినప్పుడే ఒకటీ రెండూ బయటపడతాయి. ముక్కుతో తోస్తే తిండి వస్తుందని గ్రహించడానికి కొన్ని తాబేళ్లకు ఒక రోజు, కొన్నిటికి పది రోజులు పడుతుంది. స్పాంజి, థర్మోకోల్, మెత్తటి రబ్బరు వస్తువులు మాత్రం ఎంత ముద్దొచ్చినా వద్దు. కొరికితే ముక్క ఊడే ప్రతిదీ చివరికి కడుపులోకే పోతుంది.

కొత్త వస్తువు ఏదైనా ట్యాంకు మధ్యలో దబ్బున వేయకండి. ఒక చివర, చాటుకు దూరంగా పెట్టి మూడు రోజులు వదిలేయండి. తాబేలు ఆ వైపే వెళ్లకపోయినా, అరుగు మీదికి ఎక్కడం మానేసినా అది భయపడుతోందని అర్థం, తీసి వారం తర్వాత మళ్లీ ప్రయత్నించండి. వారానికి రెండు మార్పులు చాలు. అరుగు, చాటు ఉన్న చోట్లు మాత్రం ఎప్పుడూ మార్చవద్దు. తీసిన వస్తువులను వేడినీళ్లతో రుద్ది, ఎండలో ఆరబెట్టి దాచండి. నెల తర్వాత మళ్లీ వేస్తే కొత్తదాన్ని చూసినట్టే చూస్తుంది. కడగడానికి వంటింటి సింకు వాడకండి, విడిగా బకెట్ ఉంచండి. తాబేళ్లు ఆరోగ్యంగా కనబడుతూనే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుంటాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలైతే దగ్గరుండి కడిగించాలి.

ఇక ముందరి గాజు. మూడు పక్కల గాజుకు బయటి నుంచి ముదురు రంగు కాగితం అంటించండి. నాలుగో వైపు, అంటే మీరు చూసే వైపు, అడుగు నుంచి 10 సెం.మీ. వరకు మాత్రమే. గదికన్నా ట్యాంకులో వెలుగు ఎక్కువైతే గాజు అద్దంలా మారి తన నీడే కనబడుతుంది, గదిలో కూడా ఒక దీపం వేసి ఉంచండి. ఇంకొకటి, చాలా ఇళ్లలో జరిగేది: తాబేలు గాజుకు వచ్చి ఈదగానే ఇంట్లోవాళ్లు మురిసిపోయి నాలుగు గుళికలు వేస్తారు. గాజుకు ఈదితే తిండి వస్తుందని మనమే నేర్పుతున్నామన్నమాట. ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకోండి. తాబేలు అరుగు మీదో, ఇసుక దగ్గరో ఉన్నప్పుడే తిండి వేయాలి, గాజు దగ్గర ఉన్నప్పుడు ఎవరూ వేయకూడదు. మొదటి వారం ఈత ఇంకా ఎక్కువవుతుంది. అక్కడ మెత్తబడి ఒక్కసారి వేసినా మొదటికొస్తుంది.

ఆ తెలివిని మంచి పనికే వాడవచ్చు. స్లైడర్‌కు ఎరుపు రంగు బాగా కనబడుతుంది. 30 సెం.మీ. కర్ర చివర నోట పట్టని ఎర్రటి గట్టి బిళ్ల బిగించి నీళ్లలో ముక్కుకు 5 సెం.మీ. దూరంలో పెట్టండి. ముక్కుతో తాకగానే చెక్క పట్టకారుతో ఒక గుళిక ఇవ్వండి. చేత్తో ఇస్తే వేళ్లు కొరుకుతుంది. ఒక విడతకు 5 నిమిషాలు, పది గుళికలు మించొద్దు. రెండు వారాల్లో కర్ర ఎటు కదిలితే అటు వస్తుంది. దాన్ని ఏటవాలు పలక మీదుగా పైకి, అక్కడి నుంచి తక్కెడ మీదికి రప్పించవచ్చు. నెలకోసారి పట్టుకుని భయపెట్టకుండానే బరువు చూడవచ్చు.

తోడుగా మరో తాబేలు వద్దు. స్లైడర్లకు మనలా సావాసం అవసరం లేదు. ఒకదానిమీద ఒకటి ఎక్కి ఎండ కాచుకోవడం ముచ్చటగా కనబడినా, చాలాసార్లు అది చోటు కోసం పోటీయే. మీది ఆడదై, మగది తెస్తే దాన్ని రోజంతా వెంటాడి కొరుకుతుంది, 90 సెం.మీ. ట్యాంకులో పారిపోవడానికి చోటుండదు.

మార్పు వస్తోందో లేదో ఊహతో తేల్చకండి. ప్లాస్టిక్ మొక్కలు, అద్దం తీసేశాక, ఇంకేదీ మార్చక ముందే ఒక వారం పాటు, రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున కూర్చుని ప్రతి నిమిషానికీ అది ఏం చేస్తోందో ఒక గుర్తు పెట్టండి: గాజు ఈత, మామూలు ఈత, ఎండ కాచుకోవడం, వెతకడం, నిద్ర, చాటు. వారానికి 140 గుర్తులవుతాయి. వేడి, లోతు, అరుగు సరిచేశాక ఒక వారం, ఇసుక పళ్లెం మొదలయ్యాక ఒక వారం మళ్లీ రాయండి. ఈ దశలను విడివిడిగా చేస్తేనే దేని వల్ల తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఇవన్నీ చేసి నెల గడిచినా గాజు ఈత తగ్గకపోతే గుడ్ల సంగతి చూడాలి. ఈ సైజుకు మగదానికైతే ముందు గోళ్లు పొడవుగా ఉంటాయి. మీదానికి పొట్టిగానే ఉన్నాయన్నారు, తోక కూడా సన్నగా పొట్టిగా ఉంటే ఆడదై ఉండొచ్చు. మగ తాబేలు లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. 14 సెం.మీ.కు కాస్త ముందే అయినా, ట్యాంకులో బాగా తిని పెరిగినవి త్వరగానే ఎదుగుతాయి. తిండి తగ్గించి, అస్తమానం పైకెక్కుతూ, వెనక కాళ్లతో అరుగు మూలలు తవ్వుతుంటే అనుమానించండి. అప్పుడు దానికి కావలసింది బంతి కాదు, మట్టి. అరుగు పెట్టెకు ఆనుకుని, లేదా విడిగా, 60 × 40 సెం.మీ. డబ్బాలో మట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి 25 సెం.మీ. లోతున నింపండి. గుప్పిట్లో పిసికితే ముద్దగా నిలబడేంత తడి చాలు, నీరు కారకూడదు. మట్టి 28 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండేలా పైన దీపం పెట్టి, ఎవరూ చూడకుండా గుడ్డ కప్పి, రోజుకు రెండు మూడు గంటలు వదిలేయండి. తవ్వుతూ రెండు వారాలైనా పెట్టకపోతే, లేదా నీరసంగా కాళ్లు ఈడుస్తుంటే, ఎక్స్‌రే కోసం వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణానికి ముప్పు.